జింక క్రోమోజోము నడుములో బంగారు చుక్కలు

మా గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు కోసం నిలబడిన ప్రతిసారీ ఎవరో ఒక సాఫ్ట్‌వేర్ పిల్ల అడుగుతుంది, "ఆంటీ, మీరు రిటైరయ్యేదాకా ఏం పని చేసేవారు?" అని. "బంగారం చుక్కలు వెతికేదాన్ని" అంటాను. ఒకమ్మాయి ఆ మాటకి కళ్ళు పెద్దవి చేసుకుని, "ఎన్ని గ్రాములు దొరికింది ఆంటీ?" అంది. జీవితమంతా వెతికినదాన్ని పోగేసినా ముక్కుపుడకకి చాలదని చెప్పాను. పాపం, నా మీద జాలిపడుతూనే లిఫ్టు ఎక్కింది.

ఆ పిల్లకి లిఫ్టులో చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగిపోయింది వంటివి రాయను. అవి ఏ ఆఫీసులో అయినా ఒకటే. నేను రాయాలనుకుంటున్నది మా పరిశోధనశాలలో ఒక ఆదివారం జరిగిన సంగతి. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాదు. అక్కడికి వెళ్ళాలంటే ముందు పని గురించి కొంచెం చెప్పాలి.

పని అంటే ఇదీ

డీఎన్‌ఏ రెండు పోగుల తాడు అని బడిలో అందరూ చదువుకున్నదే. ఒక పోగు ఎలా ఉందో తెలిస్తే దానికి జోడీ పోగు ఎలా ఉండాలో తెలిసిపోతుంది. అదే మా ఆయుధం. మాకు కావలసిన డీఎన్‌ఏ ముక్క క్రోమోజోములో ఎక్కడుందో తెలియదు. అందుకని దాని జోడీని మేమే తయారుచేసి, దానికి ఒక చిన్న గుర్తు తగిలించి, క్రోమోజోముల మీద వదులుతాం. ఈ తయారుచేసిన జోడీని ప్రోబ్ అంటారు. అది వెతుక్కుంటూ వెళ్ళి తన జోడీని పట్టుకుంటుంది. తరవాత ఆ గుర్తుని మాత్రమే అంటుకునే బంగారు రేణువుల్ని వదులుతాం. బంగారం సీసాలో ఉన్నప్పుడు పచ్చగా ఉంటుందనుకునేరు, దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద మాత్రం ఆ రేణువులు నల్లటి గుండ్రటి చుక్కలై కనిపిస్తాయి. చుక్క ఎక్కడుంటే మనం వెతికే ముక్క అక్కడ ఉన్నట్టు.

ఇదంతా జరిగేది గ్రిడ్ మీద. గ్రిడ్ అంటే కందిబద్ద కంటే చిన్నదైన రాగి జల్లెడ. దాన్ని సన్నటి పట్టకారుతో పట్టుకోవాలి. తుమ్మితే ఎగిరిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు నేల మీద మోకాళ్ళతో దేకుతూ కనిపిస్తే, ఏం చేస్తున్నారని మేం అడిగేవాళ్ళం కాదు, మేమూ వంగి వెతికేవాళ్ళం.

మేం వాడేది మొరిగే జింక కణాలు. గాజు సీసాల్లో పెంచేవాళ్ళం. మనిషికి నలభై ఆరు క్రోమోజోములుంటే ఈ జింకలో ఆడదానికి ఆరే, మగదానికి ఏడే. తక్కువ గనక ఒక్కొక్కటీ భారీగా ఉంటుంది. మొదటిసారి తెర మీద ఆ క్రోమోజోముని చూసినప్పుడు నాకు దిష్టి తియ్యాలనిపించింది. రెండు పొడుగాటి చేతులు, మధ్యలో సన్నటి నడుము. ఈ కథంతా ఆ నడుము గురించే.

మిఠాయి ఎప్పుడు తినాలి

మా దగ్గర ఒక నియమం ఉండేది. కంట్రోల్ గ్రిడ్ చూడకుండా మిఠాయి తినకూడదు. కంట్రోల్ అంటే అన్నీ అచ్చం అలాగే చేసి, ప్రోబ్ మాత్రం వెయ్యని గ్రిడ్. దాని మీద చుక్కలు కనపడకూడదు. కనపడ్డాయంటే అసలు గ్రిడ్ మీద చుక్కలు కూడా అబద్ధమే.

ఈ నియమం ఊరికే పుట్టలేదు. నేను చేరిన కొత్తలో ఒక రీసెర్చి స్కాలరు గ్రిడ్ నిండా చుక్కలు చూసి, చందానగర్ నుంచి కలాకంద్ తెచ్చి అందరికీ పంచాడు. డబ్బా ఖాళీ అయ్యాక ఎవరో కంట్రోల్ అడిగారు. అందులోనూ అవే చుక్కలు. కడగడం సరిగ్గా కుదరక మిగిలిపోయిన ఉప్పు అది. బంగారపు చుక్కలన్నీ ఒకే సైజులో, గుండ్రంగా, నిక్కమైన నలుపులో ఉంటాయి. ఉప్పు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా, మూలలతో ఉంటుంది. సంతోషంలో ఉన్న కంటికి ఆ తేడా కనపడదు. ఆ కుర్రాడు తరవాత వారం రోజులు క్యాంటీన్‌కి రాలేదు. మిఠాయి మాత్రం బాగుంది.

సూర్యనారాయణ గారు

మా బాసు సూర్యనారాయణ గారిది కాకినాడ. అందరినీ "అండీ" అనే పిలిచేవారు, తిట్టేటప్పుడు కూడా. "మీకు బుద్ధి లేదండీ" అని ఆయన అంటే ఎదుటివాళ్ళకి కోపం తెచ్చుకోవాలో కుర్చీ వెయ్యాలో తెలిసేది కాదు. చేతిపని అద్భుతం. ఆయన పరిచిన క్రోమోజోములు మడత పడేవి కావు. నాకు మైక్రోస్కోపు నడపడం నేర్పింది ఆయనే. ఎస్తేరు గారూ అని పిలిచి, బల్ల దగ్గర పక్కన నిలబడి, నా చెయ్యి పట్టి తిప్పించినట్టు నేర్పారు.

ఆయనకి ఒకటే పిచ్చి. ఫోటో అందంగా ఉండాలి. క్రోమోజోము కాటుకలా నల్లగా, వెనక తెల్లగా, అంచులు కత్తితో కోసినట్టు ఉండాలి. అందుకోసం గ్రిడ్‌కి రంగు దట్టంగా పట్టించేవారు. మైక్రోస్కోపు వోల్టేజి తగ్గించేవారు, అప్పుడు నలుపు తెలుపుల తేడా ఇంకా పెరుగుతుంది. ఫోటోలో చక్కగా కనపడాలని బంగారు రేణువులు కూడా పెద్దవే వాడేవారు.

అలా తీసిన ఒక ఫోటో మా వరండాలో అద్దాల చట్రంలో ఉండేది. జింక క్రోమోజోము నడుము, దానికి రెండు అంచుల్లోనూ బంగారు చుక్కల వరస. గాజులు తొడిగినట్టు ఉండేది. దాన్నిబట్టి ఆయన ఒక సిద్ధాంతం చెప్పారు. నడుములో మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక డీఎన్‌ఏ ముక్క ఉంది, అది నడుము పైతొక్కలో మాత్రమే ఉంటుంది, లోపలి గుజ్జులో ఉండదు. పేరు తెచ్చింది ఆ ఫోటోయే. చూడడానికి వచ్చినవాళ్ళందరూ దాని ముందు ఆగేవారు. నేనూ ఏళ్ళ తరబడి రోజూ దాని ముందు నుంచే నడిచాను, ఆహా అనుకుంటూ.

రాళ్ళు పేల్చే కాలం

హైటెక్ సిటీ పైకి లేస్తున్న రోజులవి. చుట్టూ రాతి గుట్టలు. వాటిని పేల్చి, చదును చేసి, అద్దాల మేడలు కట్టేవారు. ముందు పొడుగ్గా విజిలు వినపడేది. ఒక నిమిషానికి ధన్‌మని మోత, తరవాత మా తెర మీద క్రోమోజోము చలిజ్వరం వచ్చినట్టు వణికేది. మా మైక్రోస్కోపు మనిషంత ఎత్తు ఉన్నా చంటిపిల్ల కంటే సున్నితం. పక్క గదిలో తలుపు గట్టిగా వేసినా ఫోటో చెదిరేది. అందుకని మంచి ఫోటోలన్నీ ఆదివారాలే తీసేవాళ్ళు, ఆ రోజు పేలుళ్ళుండవు గనక. నేను మాత్రం ఆదివారం వచ్చేదాన్ని కాదు. చర్చి కొయిర్‌లో పాడేదాన్ని. సూర్యనారాయణ గారికి ఇది తెలుసు, ఆదివారాలన్నీ తన పేరున రాసుకునేవారు.

ఆ మేడల వల్ల ఇంకో నష్టం కూడా ఉండేది. నేను బేగంపేటలో లోకల్ రైలెక్కి లింగంపల్లిలో దిగేదాన్ని. దారిలో హైటెక్ సిటీ స్టేషన్ వస్తుంది. అక్కడ ఆడవాళ్ళ పెట్టె సగం ఖాళీ అయ్యేది. మాతో పనిచేసిన పిల్లలు ఒక్కొక్కరే మానేసి, కొన్నాళ్ళకి మెళ్ళో కొత్త కంపెనీ కార్డు వేసుకుని అదే రైల్లో కనపడి, "నమస్తే మేడం" అని అక్కడ దిగిపోయేవారు. వాళ్ళది తప్పని అనను. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. కానీ పట్టకారు పట్టడం వచ్చిన ప్రతి చెయ్యీ అక్కడే దిగిపోయేది.

రజిత

రజిత బోరబండలో ఎక్కేది. హైటెక్ సిటీకి ముందు స్టేషను. మా దగ్గర పీహెచ్‌డీ చేస్తుండేది. గలగలా మాట్లాడేది, మైక్రోస్కోపు ముందు కూర్చుంటే మాత్రం పిలిచినా పలికేది కాదు. బాసు చెప్పిన పని చేస్తూనే ఒకరోజు రైల్లో నన్ను అడిగింది.

"మేడం, సార్ ఫోటోల నడుము మధ్యల చుక్కల్లేవంటరు గదా. గంత నల్లగున్న కాడ నల్ల చుక్క ఉంటే మాత్రం ఎట్ల కనపడ్తది?"

మాడిన రొట్టె మీద నల్ల నువ్వులు చల్లి, నువ్వులు అంచుల్లోనే ఉన్నాయని చెప్పినట్టుంది మా పని. అంచుల్లో క్రోమోజోము పలచన, అక్కడ చుక్క కనపడుతుంది. మధ్యలో మందం, దట్టమైన రంగు, పైగా తక్కువ వోల్టేజి. అక్కడ ఏమున్నా కనపడదు. ఇంత మంది చదువుకున్నవాళ్ళం, కనపడని చోట లేదని తేల్చేశాం. అందమైన ఫోటోలు తీసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది.

రజిత అన్నీ తిరగేసి చేసింది. రంగు దాదాపు మానేసింది, వోల్టేజి పెంచింది. బంగారం చిన్న రేణువులు వాడింది, పెద్దవైతే లోపలికి దూరలేవని. ఒక శుక్రవారం ఆ ఫోటో బాసు బల్ల మీద పెట్టింది. నేనూ అక్కడే ఉన్నాను. నడుము అడ్డంగా ఆ అంచు నుంచి ఈ అంచు దాకా సన్నటి చుక్కలు.

"ఏంటమ్మా ఇది? నీళ్ళ మజ్జిగలా ఉంది" అన్నారు సూర్యనారాయణ గారు. "అండీ" లేకుండా మాట్లాడారంటే చాలా కోపంలో ఉన్నట్టు. "పైన పడిన చెత్త ఇదంతా."

"చెత్తయితే నడుము కాడనే ఎందుకు పడ్తది సార్? చేతులెందుకు ఖాళీగున్నయ్? కంట్రోల్ల ఒక్క చుక్క లేదు."

ఆయన ఫోటోని కాసేపు చూశారు. తరవాత అన్న మాట మాత్రం సబబైనదే. కోపంలో కూడా ఆయన బుర్ర బాగా పనిచేసేది.

"సరే, చెత్త కాదనుకుందాం. నువ్వు పైనుంచి చూస్తున్నావు. తొక్క మీద ఉన్న చుక్కలు కూడా పైనుంచి చూస్తే మధ్యలో ఉన్నట్టే కనపడతాయి. లోపల ఉన్నాయని నాకు చూపించు, ఒప్పుకుంటాను. చూపించలేకపోతే సోమవారం ఫెలోషిప్ కమిటీ ముందు నీ దగ్గర ఏమీ లేనట్టే. నీ ఫెలోషిప్ పొడిగించమని ఏ మొహంతో అడగను?"

బయటికి వచ్చాక రజిత అసలు సంగతి చెప్పింది. వాళ్ళన్న శ్రీకాంత్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాడు. అందులోనే ఈమెకి టెస్టింగ్ ఉద్యోగం చూశాడు. సోమవారం చేరాలి. "ఫెలోషిప్ ఉంటదో ఊడుతదో తెల్వదు, ఇగ చాలు, వచ్చెయ్ అంటుండు మేడం. అన్నది గూడ నిజమే. గని గిది ఇడిచిపెట్టి పోవుడంటే పానం ఒప్పుతలేదు." ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసి నాకూ దుఃఖం వచ్చింది.

లోపల ఉన్నాయని చూపించడానికి దారి ఒకటే. గ్రిడ్‌ని మైక్రోస్కోపులో కొంచెం ఎడమకి వంచి ఒక ఫోటో, కొంచెం కుడికి వంచి అదే చోట ఇంకో ఫోటో తియ్యాలి. మన రెండు కళ్ళూ చేసే పని ఇదే. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి జోడు అద్దంలోంచి చూస్తే లోతు తెలుస్తుంది. విమానంలోంచి తీసిన ఫోటోల్లో గుట్టలూ లోయలూ చూసేవాళ్ళ దగ్గర అలాంటి అద్దం ఉంటుంది. శనివారం నేను పక్కనున్న యూనివర్సిటీకి వెళ్ళి, భూగోళశాస్త్రం వాళ్ళని బతిమాలి దాన్ని తెచ్చాను. ఇంక కావలసింది మైక్రోస్కోపు, అదీ కదలకుండా. అంటే ఆదివారమే. బాసుకి ఫోన్ చేసి ఈ ఒక్క ఆదివారం నాకు ఇమ్మన్నాను.

"మీరు ఆదివారం వస్తారా, ఎస్తేరు గారూ?" అన్నారు.

"వస్తానండీ" అన్నాను.

ఆదివారం

పొద్దుటి ఆరాధన కాగానే పాస్టరు గారికి చెప్పి రైలు పట్టుకున్నాను. రజిత నాకంటే ముందే వచ్చి కూర్చుంది. ముందు కంట్రోల్ గ్రిడ్ మళ్ళీ చూశాం. శుభ్రంగా ఉంది. తరవాత అసలు గ్రిడ్ పెట్టి, మడత లేకుండా పరుచుకున్న ఒక జింక క్రోమోజోము పట్టుకున్నాం. ఎడమకి వంచాం. వంచగానే అది తెర మీంచి మాయమైపోయింది. వంచితే అంతే, మళ్ళీ వెతుక్కోవాలి. వెతికి, నడుము మధ్యకి తెచ్చి, ఫోకస్ చేసేసరికి బయట విజిలు వినపడింది.

ఆదివారం పూట విజిలు! పక్క స్థలంలో పని వెనకబడిందట. ధన్‌మంది. తెర మొత్తం ఊగింది.

రజిత లేచి పరిగెత్తింది. ఆమె వెనకాల నేనూ పరిగెత్తాను, చర్చికి కట్టుకున్న పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని. కాంపౌండు గోడకి అవతల మేస్త్రీ తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నా, జర ఆపుండ్రి!" అని గోడ మీంచి అరిచింది రజిత. "లోపల మిషిన్ల ఫోటో దీస్తున్నం. మీరు పేలిస్తే మొత్తం ఊగుతది."

"ఎవల ఫోటో?"

"జింకది."

"జింకనా? యాడుంది జింక?" అని మేస్త్రీ మా వెనక ఉన్న తోటలోకి తొంగిచూశాడు.

"జింకంటే, జింక లోపలిది అన్నా. కంటికి కనపడనంత చిన్నది. గీ ఒక్కరోజే. రేపటి సంది నువ్వు గుట్ట మొత్తం పేల్చినా మేం అడగం."

మేస్త్రీ ఆమెనీ, రొప్పుతున్న నన్నూ, నా పట్టుచీరనీ చూశాడు. ఏమనుకున్నాడో గాని నవ్వాడు. "సర్లే చెల్లె, ఫికర్ చెయ్యకు. ఇప్పుడు మేం తిననీకి కూసుంటం. తిని లేసేదాంక మీ జింకను కదలకుండ కూసోబెట్టుకోండ్రి" అన్నాడు.

మళ్ళీ పరుగు. ఎడమ ఫోటో తీశాం. కుడికి వంచాం. క్రోమోజోము మళ్ళీ మాయం. రజిత ఒక చేత్తో గ్రిడ్ జరుపుతోంది, నేను ఫోకస్ చూస్తున్నాను. ఇద్దరికీ ఊపిరి గట్టిగా వదలడానికి కూడా భయమే. దొరికింది. నడుము మధ్యకి వచ్చింది. ఫిల్ము ముందు షట్టరు తెరిచి, నేను లోలోపల ప్రార్థన చేసుకుంటూ చేతులు కట్టుకుని కూర్చున్నాను. షట్టరు మూసిన తరవాత కాసేపటికి విజిలు వినపడింది. మేస్త్రీ తినడం అయిపోయింది.

డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం కింద ప్రింటు మీద మెల్లిగా నడుము తేలుతుంటే రజిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో ప్రింటు కూడా బాగా వచ్చింది. ఆరబెట్టి, రెంటినీ జోడు అద్దం కింద సర్దాం. ఆమెనే ముందు చూడమన్నాను.

"మేడం..." అంది. "సీతాఫలం లోపల గింజలెట్లుంటయో గట్లున్నయ్ మేడం. పైన గూడ ఉన్నయ్, మధ్యల గూడ ఉన్నయ్, కింద గూడ ఉన్నయ్!"

నేను వంగి చూశాను. మొదట రెండు ఫోటోలు రెండుగానే కనపడ్డాయి. కళ్ళు సర్దుకోగానే ఒక్కసారి అవి ఒకటైపోయాయి, నడుము కాగితంలోంచి పైకి లేచింది. నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ రాలేదు, నా పెళ్ళి రోజున కూడా. ఎన్నో ఏళ్ళుగా చదునుగా చూసిన వస్తువు బొద్దుగా, గుండ్రంగా నా ముందు నిలబడి ఉంది. దాని కడుపులో బంగారం, ఒక చుక్క దగ్గరగా, ఒక చుక్క దూరంగా, ఇంకోటి వాటి నడుమ. చేతుల్లో ఒక్కటీ లేదు. నేను ఏడ్చాను. రజిత నవ్వుతూ ఏడ్చింది.

ఏం దొరికిందో చూద్దామని సూర్యనారాయణ గారు వచ్చేసరికి మేమింకా అలాగే ఉన్నాం. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని వంగారు. చాలాసేపు చూశారు. ఉన్నట్టుండి ఆయన కుడిచెయ్యి లేచింది. ప్రింటు మీద గాలిలో ఒక చుక్కని వేలితో ముట్టుకోబోయారు.

"లోపల ఉన్నాయండీ!" అని అరిచారు. "ఎస్తేరు గారూ, లోపల ఉన్నాయి! లోపలంతా ఉన్నాయి!"

తల ఎత్తాక ఆయన మొహం చూస్తే పదేళ్ళు తగ్గినట్టుంది. వెంటనే గుర్తొచ్చినట్టుంది, అది తన సిద్ధాంతానికి చావు అని. కుర్చీలో కూర్చున్నారు.

"నా ఫోటోలో ఇవెందుకు కనపడలేదండీ?" అని రజితని అడిగారు. "అండీ" తిరిగొచ్చింది.

"మీరు నల్లగ చేసిన్రు సార్" అంది రజిత. "అందంగ రావాలని."

ఆయన క్షమించమని అనలేదు. ఆయన ఎవరినీ ఎప్పుడూ అలా అడగలేదు, అది ఆయనలో లోపమే. కానీ చివరికి అన్న మాట నేను ఇంకే బాసు నోటా వినలేదు. "రేపు కమిటీకి మీ ఫోటో పక్కన నా ఫోటో కూడా పెట్టండి. నాది ఎందుకు తప్పో మీరే చెప్పండి. నేను చెప్తే అందం కోసం మళ్ళీ అబద్ధమాడతాను." తరవాత వరండాలో కూడా ఆ రెండూ పక్కపక్కనే వేలాడాయి. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళనీ వాటి ముందు నిలబెట్టి, ఏది నిజమో, ఎందుకో చెప్పమనేవారు. చాలామంది అందమైనదాన్నే చూపించేవారు.

శ్రీకాంత్ తెచ్చిన డబ్బా

సాయంత్రం రజితని తీసుకెళ్ళడానికి వాళ్ళన్న శ్రీకాంత్ బైకు మీద వచ్చాడు. రేపు చెల్లెలు ఉద్యోగంలో చేరుతుందని మిఠాయి డబ్బా కూడా తెచ్చాడు. గదిలోకి వచ్చి, ముగ్గురి మొహాలూ చూసి తికమకపడ్డాడు.

"ఏందే, ఇంక తయారు గాలేదా? షాపులు బందయితయ్. రేపటికి మంచి డ్రెస్సు గిట్ల కొనాలె గదా" అన్నాడు.

రజిత నేల చూపులు చూస్తోంది. ఆ పిల్ల భయం నాకు తెలుసు. ఇంట్లో అందరికంటే ఆమె కోసం నిలబడింది ఈ అన్నే, ఇప్పుడు వద్దని అతనికే చెప్పాలి.

సూర్యనారాయణ గారు లేచి అతని భుజం పట్టుకున్నారు. "ముందు ఇది చూడండి బాబూ" అని జోడు అద్దం దగ్గరికి నడిపించారు. శ్రీకాంత్ మర్యాద కోసం వంగాడు. "రెండు ఫోటోలే ఉన్నయ్ కద సార్" అన్నాడు. కళ్ళు వదులుగా పెట్టి చూడమన్నాను. కొంచెంసేపు చూశాడు.

"అరే!" అన్నాడు. చెయ్యి దానంతట అదే లేచింది. గాలిలో ఏదో పట్టుకోబోయి, ఏమీ దొరక్క, మళ్ళీ పట్టుకోబోయాడు. "గిదేంది? పైకొచ్చింది గదా!"

చూస్తున్నది ఏమిటో రజిత చెప్పింది. ప్రోబ్, బంగారం, సార్ ఫోటో, తన ఫోటో, గుట్ట మేస్త్రీ దాకా అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. ఇది ఇంతకుముందు ఎవరూ చూడలేదని కూడా చెప్పింది. శ్రీకాంత్ వంగినవాడు వంగినట్టే ఉండి విన్నాడు. తరవాత నిటారుగా నిలబడి చెల్లెల్ని తేరిపార చూశాడు.

"గిది దొరకవట్టిన నువ్వు, ఇడిచిపెట్టి మా ఆఫీసుకొచ్చి ఏం జేస్తవే? పిచ్చి గిట్ల లేసిందా?" అన్నాడు. "నాయినకు నేన్ చెప్త తీ."

రజిత బావురుమంది. శ్రీకాంత్ ఏం చెయ్యాలో తెలియక మిఠాయి డబ్బా విప్పి నా ముందు పెట్టాడు. నేను చెయ్యి చాచేలోపు సూర్యనారాయణ గారు గట్టిగా అడిగారు, "కంట్రోల్ చూశారాండీ?"

"చూసినం సార్" అంది రజిత ముక్కు తుడుచుకుంటూ. "పొద్దుగాలనే చూసినం."

"అయితే తినొచ్చు" అని ఆయనే ముందు తీసుకున్నారు.

మర్నాడు పొద్దున బోరబండలో రజిత ఎక్కింది. చంకలో రెండు ఫోటోలు, పాత దుపట్టా. రాత్రి ఏం చెప్పాలో పాఠం వల్లించుకుంటూ నిద్రపోలేదట. నా పక్కన ఇరుక్కుని కూర్చుని, సార్ ఫోటో ముందు చూపించాలా తనది ముందు చూపించాలా అని అడుగుతూనే ఉంది. హైటెక్ సిటీలో రైలు ఆగింది. కార్డులు మెళ్ళో వేసుకున్న ఆడపిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ దిగారు. పెట్టె సగం ఖాళీ అయింది. రజిత ఖాళీ అయిన కిటికీ సీటులోకి జరిగి, ఫోటోలు ఒళ్ళో పెట్టుకుని, "సార్‌దే ముందు పెడ్త మేడం" అంది. రైలు కదిలింది.